మనసులో మాటకు తూకం – 3వ పాఠం: సాక్ష్యం గడులు

కుంగదీసే ఆలోచనను సాక్ష్యంతో సరిచూసుకునే మాటల వైద్యం (కాగ్నిటివ్ థెరపీ) నేర్చుకుంటున్నాం. పోయిన పాఠంలో నోటుబుక్కులో మూడు గడులు గీసుకున్నాం: జరిగింది, మనసులో మెదిలిన మాట, బాధ (0 నుంచి 100). ఈ వారం ఇంకో మూడు: అవునన్న సాక్ష్యం, కాదన్న సాక్ష్యం, తూకం కుదిరిన మాట.

ధర్మవరం పక్క పల్లెలో ఒక రైతు ఉన్నాడనుకుందాం. జరిగింది: "కొత్త బోరులో నీళ్లు పడలేదు." మాట: "నేనేం చేసినా మునగడమే." బాధ 85.

అవునన్న గడిలో: రెండు బోర్లు పోయాయి, అప్పుంది. ఈ గడిని మొహమాటపడి ఖాళీగా వదలొద్దు. వదిలితే మిగతాదేదీ మనసు నమ్మదు. కాదన్న గడిలో: నిరుడు బుడ్డలు (వేరుశనగ) చేతికొచ్చాయి, రోజూ 6 లీటర్ల పాలు డెయిరీకి పోతున్నాయి, పక్క చేన్లోనూ నీళ్లు పడలేదు. తూకం మాట: "బోర్లు పోయాయి, అప్పు మిగిలింది. పాడి మాత్రం నిలబడింది." మళ్లీ కొలిస్తే బాధ 60. అంత తగ్గితే చాలు, సున్నా అక్కర్లేదు.

ఎక్కువమంది తప్పేది మాట గడిలోనే. "నాకే ఎందుకిట్లా?" అని రాస్తారు. ప్రశ్నకు సాక్ష్యం వెతకలేం. "కష్టాలన్నీ నాకే వస్తాయి" అని తిప్పి రాయాలి. "అట్లా అనిపిస్తోంది" కూడా సాక్ష్యం కాదు. పక్కింటాయన కంటితో చూసి చెప్పగలిగిందే సాక్ష్యం. "అంతా మన మంచికే" అన్నది తూకం కాదు, ఓదార్పు.

సాక్ష్యం మీద ఈ పట్టు ఈ వైద్యం పుట్టుకలోనే ఉంది. కుంగుబాటంటే (డిప్రెషన్) తనమీదికే తిరిగిన కోపమని, మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ వాదం. దాన్ని రుజువు చేద్దామనే అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మానసిక వైద్యుడు ఆరన్ బెక్ కుంగిన రోగుల కలలు పరిశీలించాడు. వాటిలో కోపానికి బదులు ఓటమి, నష్టం కనిపించాయి. దాంతో ఆ వాదాన్నే పక్కనపెట్టి, 1960లలో ఈ పద్ధతి కట్టాడు.

ఇకముందు ఇది డాక్టరు గదిలోనే ఉండిపోదు. పాకిస్తాన్‌లో రావల్పిండి పల్లెల్లో, మన ఆశా కార్యకర్తల్లాంటి ఆడవాళ్లే దీన్ని నేర్చుకుని, కుంగిన తల్లులకు ఇంటికెళ్లి చేయించారు. 2008లో వచ్చిన ఫలితం: ఆరు నెలలకు ఆ తల్లుల్లో ఇంకా కుంగుబాటు ఉన్నవాళ్లు 23 శాతం, మామూలు పలకరింపులే అందిన తల్లుల్లో 53 శాతం.

ఒక హద్దు. "వచ్చే నెల కిస్తీ కట్టలేను" అన్న మాట నిజమే కావచ్చు. నిజాన్ని గడుల్లో పెట్టి వాదించకండి. దానికి దారి వెతకడం 4వ పాఠం. చావాలన్న తలపు వస్తే నోటుబుక్కు పక్కనపెట్టి వెంటనే 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్, ప్రభుత్వం నడిపే మానసిక సాయం లైను. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

ఈ వారం మూడుసార్లు నింపండి. ఏడుపు పొంగుతున్నప్పుడు కాదు, కాస్త తెరిపిన పడ్డాక, కానీ ఆ రోజు దాటకుండా.