జర్మనీలో లాయర్ అవ్వాలంటే ఏం చేయాలి, ఎక్కడ దెబ్బతింటారు

"అక్కా, జర్మనీలో ఎల్ఎల్ఎం చేస్తే అక్కడే ప్రాక్టీస్ చేసుకోవచ్చా" అని మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి. చేసుకోలేరు. ఏడాది ఎల్ఎల్ఎం మంచి చదువే, కంపెనీల్లో లీగల్ ఉద్యోగానికి పనికొస్తుంది, కానీ రెష్ట్స్‌అన్వాల్ట్ (అక్కడి అడ్వకేట్) అవ్వడానికి అది దారి కాదు. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఎల్ఎల్‌బీ చేసి బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అయినవాళ్లకి ఇంకో చిన్న దారి ఉంది, అక్కడి బార్ ఛాంబర్‌లో చేరి అడ్వకేట్ అనే పేరుతోనే ఇండియా చట్టం మీద, అంతర్జాతీయ చట్టం మీద సలహాలివ్వొచ్చు, జర్మన్ చట్టం మాత్రం ముట్టుకోకూడదు. పూర్తి లాయర్ అవ్వాలంటే మొదట్నించీ వాళ్ల చదువే చదవాలి, రెండు స్టేట్ ఎగ్జామ్‌లూ పాసవ్వాలి. నేను ఆ రెండూ రాశాను, ఇప్పుడు యూనివర్సిటీలో స్టూడెంట్ల ప్రాక్టీస్ పేపర్లు దిద్దుతుంటాను, అందరూ ఒకే చోట బోల్తా పడటం చూసీ చూసీ విసుగొచ్చి ఇది రాస్తున్నా.

ముందు కావాల్సినవి

జర్మన్ భాష. కోర్టు భాష జర్మనే అని చట్టంలోనే ఉంది. యూనివర్సిటీ సీటుకి సీ1 లెవెల్ అడుగుతారు, నన్నడిగితే ఆ సర్టిఫికెట్ వచ్చాక కూడా ఇంకో ఆరు నెలలు రోజూ ఒక జర్మన్ పేపర్ చదవందే లా మొదలుపెట్టకూడదు. మన ఇంటర్ సర్టిఫికెట్ ఒక్కదానితో నేరుగా సీటు రావడం కష్టం, ఇక్కడ డిగ్రీలో కొంత చదివి వెళ్లడమో అక్కడ స్టూడియన్‌కొల్లెగ్ (యూనివర్సిటీకి ముందు చదివే ప్రిపరేటరీ కోర్సు) చేయడమో ఉంటుంది. ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలా చోట్ల ట్యూషన్ ఫీజు లేదు, బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మాత్రం మనలాంటి బయటి దేశాలవాళ్లకి సెమిస్టర్‌కి 1500 యూరోలు.

పుస్తకాలంటే ముఖ్యంగా ఆ లావుపాటి ఎర్ర చట్టాల సంపుటి, 2021 దాకా షోన్‌ఫెల్డర్ అనేవాళ్లు, ఆయన నాజీ పార్టీ మనిషని పేరు తీసేసి హాబర్‌జాక్ అని పెట్టారు. సెకండ్ హ్యాండ్ కొనకండి, చట్టాలు మారుతూ ఉంటాయి. పేపర్ రాసేటప్పుడు షీటులో మూడో వంతు మార్జిన్ వదలండి, అది దిద్దేవాళ్ల చోటు.

యూనివర్సిటీ

సివిల్, క్రిమినల్, పబ్లిక్ లా మూడూ మొదట్నించీ ఉంటాయి. మొదటి రెండేళ్లలో ఇంటర్మీడియట్ పరీక్ష (మన ఇంటర్ కాదు, లా చదువు మధ్యలో పెట్టేది) దాటాలి, సెలవుల్లో కనీసం మూడు నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి, చివర్లో ఒక స్పెషలైజేషన్ తీసుకోవాలి, దానికి యూనివర్సిటీయే పరీక్ష పెడుతుంది, మొదటి ఎగ్జామ్ మొత్తం మార్కుల్లో అది 30 శాతం. మిగతా 70 శాతం రాష్ట్రం పెట్టే పరీక్ష. ఇక్కడిదాకా వచ్చినవాళ్లు చాలామందే ఉంటారు, అసలు కథ తర్వాతే.

మొదటి స్టేట్ ఎగ్జామ్: ఇక్కడ నెమ్మదిగా చదవండి

నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియా రాష్ట్రంలో అయితే ఆరు పేపర్లు, మూడు సివిల్, రెండు పబ్లిక్, ఒకటి క్రిమినల్, ఒక్కోటి ఐదు గంటలు, తర్వాత ఓరల్. మార్కులు 0 నుంచి 18 దాకా, 4 వస్తే పాస్. 9 దాటితే ఊళ్లో చెప్పుకునేంత గొప్ప, పెద్ద ఫర్మ్‌లు చూసేది ఆ తొమ్మిదినే. పద్దెనిమిదికి తొమ్మిదేంటి అని మన ఇళ్లలో పెద్దవాళ్లు కంగారు పడతారు, పడక్కర్లేదు.

ఫెయిలైతే ఇంకొక్కసారే రాయనిస్తారు. తొందరగా, సాధారణంగా ఎనిమిదో సెమిస్టర్ అయ్యేలోపు, రాయడానికి ముందుకొస్తే ఆ ఫెయిల్ లెక్కలోకి రాదు, దాన్ని ఫ్రైషుస్ అంటారు. ఆ ఛాన్స్ వదులుకోవద్దు.

ఇప్పుడు పేపర్ ఎలా రాయాలో. ఒక కథ ఇస్తారు, ఎవరికి ఏం హక్కుందో తేల్చమంటారు. మనం ఇండియాలో ఏం చేస్తాం, ఫలానా కేసులో సుప్రీంకోర్టు ఇలా అంది అని మొదలుపెడతాం. అక్కడ అలా కాదు, మొదట సెక్షన్ కావాలి. ఎవరు, ఎవరి నుంచి, ఏం, ఏ సెక్షన్ కింద అడుగుతున్నారు, ఈ నాలుగూ ఒకే వాక్యంలో ఉండాలి. తర్వాత ఆ సెక్షన్‌కి కావాల్సిన ఒక్కో షరతుని విడదీసి, దాని నిర్వచనం చెప్పి, కథలోని విషయాన్ని ఆ నిర్వచనానికి ఆనించి చూసి, అప్పుడు తేల్చాలి. ఈ పద్ధతిని గూటాఖ్టన్‌స్టిల్ అంటారు. జవాబు చివర్లో వస్తుంది, ముందు రాకూడదు.

ఉదాహరణకి, రమేశ్ సురేశ్‌కి వాట్సాప్‌లో "నా సైకిల్ 500 యూరోలకి ఇస్తా, తీసుకుంటావా" అని పెట్టాడు. సురేశ్ బొటనవేలు ఎమోజీ పెట్టాడు. రమేశ్ డబ్బులడుగుతున్నాడు. నేను దిద్దే పేపర్లలో సగం పైగా ఇలా ఉంటాయి: "సురేశ్ ఒప్పుకున్నాడు కాబట్టి ఒప్పందం కుదిరింది, 500 కట్టాలి." తప్పు మాటేం కాదు, కానీ దీనికి మార్కులు రావు.

ఇలా రాయాలి. సురేశ్ నుంచి 500 యూరోలు పొందే హక్కు రమేశ్‌కి బీజీబీ (జర్మన్ సివిల్ కోడ్) సెక్షన్ 433, రెండో పేరా కింద ఉండొచ్చు. దానికి ఇద్దరి మధ్య కొనుగోలు ఒప్పందం కుదిరి ఉండాలి. ఒప్పందమంటే ఒకదానికొకటి సరిపోయే రెండు ప్రకటనలు, ప్రతిపాదన, అంగీకారం. ప్రతిపాదన అంటే అవతలివాడు సరే అంటే చాలు ఒప్పందం అయిపోయేంత స్పష్టంగా ఉండేది. రమేశ్ మెసేజ్‌లో వస్తువుంది, ధరుంది, ఎవరికి ఇస్తున్నాడో ఉంది, కాబట్టి అది ప్రతిపాదనే. ఇక్కడ రెండు వాక్యాలు చాలు, ఇందులో గొడవేం లేదు.

గొడవంతా ఎమోజీ దగ్గర, అక్కడ ఆగాలి. అంగీకారమా కాదా అన్నది సురేశ్ మనసులో ఏముందో చూసి కాదు, ఆ మెసేజ్ అందుకున్న మామూలు మనిషి దాన్ని ఎలా అర్థం చేసుకుంటాడో చూసి తేల్చాలి, సెక్షన్లు 133, 157. బొటనవేలుకి "చూశాలే" అనే అర్థమూ ఉండొచ్చు, "సరే" అనే అర్థమూ ఉండొచ్చు. కానీ రమేశ్ ఊరికే కబురు చెప్పలేదు, తీసుకుంటావా అని నేరుగా అడిగాడు. అలా అడిగినదానికి వచ్చిన బొటనవేలుని ఎవరైనా సరే అనే తీసుకుంటారు. కాబట్టి అంగీకారం. కాబట్టి ఒప్పందం. కాబట్టి హక్కుంది. మీరు ఎదురు దారిలో వెళ్లి అంగీకారం కాదని తేల్చినా మంచి మార్కులే వేస్తాను, వాదన నిలబడితే చాలు. ఆ రెండు అర్థాలనీ పక్కపక్కన పెట్టి చూడటానికే మార్కులు.

జాగ్రత్తలు. "ఎందుకంటే" అనే మాట, జర్మన్‌లో వైల్, ఇందులో రాయకండి, అది రాశారంటే తీర్పు ముందే చెప్పేశారని అర్థం. గొడవలేని చోట నాలుగు మెట్లూ ఎక్కకండి, సురేశ్ మనిషేనా అని ఒక పేజీ రాసినవాళ్లున్నారు. హక్కులకి వరస ఉంది, ముందు ఒప్పందం, తర్వాత ఒప్పందం లాంటివి, తర్వాత ఆస్తి మీద హక్కు, తర్వాత ఒప్పందంతో పని లేకుండా, చేసిన హానికి నష్టపరిహారం, చివర్న అన్యాయంగా వచ్చిన లాభం వెనక్కి అడగడం. ఈ వరస తప్పితే మొత్తం పేపర్ చిక్కుపడుతుంది. ఐదు గంటల్లో మొదటి గంటన్నర స్కెచ్ వేసుకోవడానికే, పెన్ను పట్టి జవాబు మొదలుపెట్టొద్దు.

ఇండియాలో లా చదివి వెళ్లినవాళ్లకి ప్రత్యేకంగా ఇంకోటి. మన 1930 సేల్ ఆఫ్ గూడ్స్ యాక్ట్‌లో అమ్మకం ఒప్పందంతోనే, ఇద్దరూ అనుకున్న క్షణంలో, సరుకు కొన్నవాడిదైపోవచ్చు. జర్మనీలో కొనుగోలు ఒప్పందం వల్ల వస్తువు చేతులు మారదు, ఇవ్వాల్సిన బాధ్యత మాత్రమే పుడుతుంది. సొంతదారు మారడానికి సెక్షన్ 929 కింద వేరే ఒప్పందం, అప్పగించడం కావాలి. అంటే సురేశ్ బొటనవేలు పెట్టినా సైకిల్ ఇంకా రమేశ్‌దే. ఈ రెండిటినీ కలిపేశారని ఒక్క వాక్యంలో కనబడినా దిద్దేవాళ్ల మనసు విరిగిపోతుంది, చాలా తెలివైన పిల్లలు కూడా ఇక్కడ పోగొట్టుకుంటారు.

దీనికి కోచింగ్ సెంటర్లున్నాయి, రెపెటిటోరియం అంటారు, చాలామంది డబ్బు కట్టి వెళ్తారు. నేను వద్దంటాను. అక్కడ చక్కగా చెప్తారు, మనం చక్కగా వింటాం, రాయం. ముగ్గురు కలిసి వారానికి రెండు పూర్తి పేపర్లు టైమ్ పెట్టుకుని రాసి ఒకరివి ఒకరు దిద్దుకోండి. నలుగురైతే కబుర్లే నడుస్తాయి, ఇద్దరైతే ఒకరు రాని రోజు ఆగిపోతుంది, ముగ్గురే ఉండాలి. పక్కవాడి పేపర్‌లో "కాబట్టి" ముందొచ్చిందని మీరు పట్టుకున్న రోజు నుంచి మీ పేపర్ బాగుపడుతుంది.

రెఫరెండారియాట్

మొదటి ఎగ్జామ్ పాసయ్యాక చేసే ట్రైనింగ్ ఇది. రెండేళ్లు, జీతం లాంటి భత్యం ఇస్తారు. సివిల్ కోర్టులో జడ్జి దగ్గర, ప్రాసిక్యూటర్ దగ్గర, ప్రభుత్వ ఆఫీసులో, కనీసం తొమ్మిది నెలలు లాయర్ దగ్గర, చివర్న మనకి నచ్చిన చోట. ప్రాసిక్యూటర్ దగ్గరున్నప్పుడు నల్ల గౌను వేసుకుని ఒక్కరే కోర్టులో నిలబడి ప్రభుత్వం తరఫున ఎంత శిక్ష వేయాలో అడగాలి, మొదటిసారి గొంతు వణుకుతుంది, ఫైలు ముందు రోజే రెండుసార్లు చదివి చివరి మాటలు కాగితం మీద రాసుకుని వెళ్లండి.

రెండో స్టేట్ ఎగ్జామ్, లైసెన్స్

నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియాలో ఎనిమిది పేపర్లు. ఈసారి నిజం ఫైలు లాంటిది ఇచ్చి తీర్పు రాయమంటారు, చార్జిషీట్ రాయమంటారు. తీర్పులో ఫలితం ముందు, కారణం తర్వాత, అంటే పైన చెప్పినదానికి తలకిందులు. ఐదేళ్లు నేర్చుకున్న అలవాటు వదలడం కష్టమే, ట్రైనింగ్ మొదటి నెల నుంచే తీర్పులు రాయండి. కామెంటరీ పుస్తకాలు లోపలికి తీసుకెళ్లనిస్తారు, కానీ వెతుక్కుంటూ కూర్చుంటే టైమ్ అయిపోతుంది.

అది పాసైతే జడ్జికి కావాల్సిన అర్హత, లాయర్‌కి కావాల్సిన అర్హత ఒకేసారి వచ్చేస్తాయి. జడ్జి అవ్వాలంటే జర్మన్ పౌరసత్వం ఉండాలి, లాయర్‌కి అక్కర్లేదు, కాబట్టి ఇండియన్ పాస్‌పోర్ట్‌తోనే లాయర్ అవ్వొచ్చు. మీ ప్రాంతపు రెష్ట్స్‌అన్వాల్ట్స్‌కామర్‌కి (బార్ ఛాంబర్‌కి) అప్లికేషన్ పెట్టండి. కనీసం 250,000 యూరోల కవర్ ఉన్న వృత్తి ఇన్సూరెన్స్ లేనిదే సర్టిఫికెట్ చేతికివ్వరు, కాబట్టి ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ముందే కాగితం తెప్పించుకోండి. ప్రమాణం చేయిస్తారు. వెంటనే బీఆ అనే ఎలక్ట్రానిక్ మెయిల్‌బాక్స్ మీ పేరు మీద తెరుస్తారు, కోర్టు నోటీసులు అందులోకే వస్తాయి, చూడలేదంటే కుదరదు, దాని కార్డు, రీడర్ మొదటి వారంలోనే ఆర్డర్ పెట్టేయండి.