ఇంట్లోనే బండికి రంగు – 3వ పాఠం: ముందు గాలి, తరువాత గన్ను

గత పాఠంలో పాత రంగును వాటర్ పేపరుతో దించి, సొట్టలకు పుట్టీ పెట్టి, 400 నంబరు కాగితంతో నున్నగా రుద్దడం వరకు వచ్చాము. ఇక రంగు చల్లే సాధనం కావాలి. ఏడాదికి ఒకటి రెండు సార్లు స్కూటరు సైడు ప్యానెళ్లకో, కారు బంపరుకో, గీతలు పడిన బానెట్టుకో ఇంట్లోనే రంగు వేసుకునేవారిని దృష్టిలో పెట్టుకుని ఈ పాఠం రాస్తున్నాను. రోజూ బండ్లు దిగే షెడ్డు లెక్కలు వేరు.

కొత్తవారిలో ఎక్కువమంది గన్ను ఎంపికతో మొదలుపెడతారు. నేనూ అలాగే చేశాను. 1.4 మి.మీ. నాజిల్ ఉన్న మంచి హెచ్.వి.ఎల్.పి. (ఎక్కువ గాలిని తక్కువ ఒత్తిడితో చల్లే రకం) గన్ను ఒకటి కొని, టైర్లకు గాలి పట్టడానికి ఇంట్లో ఉన్న 1 హెచ్.పి., 24 లీటర్ల కంప్రెసరుకు తగిలించి, నేరుగా కారు బానెట్టు మీదికి వెళ్లాను. మొదటి ఆరు వరసలు అద్దంలా పడ్డాయి. ఏడో వరసలో గన్ను చప్పుడు మారింది. పొగలా రావలసిన రంగు చినుకుల్లా రాలడం మొదలైంది. ఎండిన తరువాత చూస్తే బానెట్టు ఒక పక్క నున్నగానూ, మరో పక్క బత్తాయి తొక్కలాగానూ ఉంది. తప్పు గన్నుదని దాన్ని తీసుకుని దుకాణానికి తిరిగి వెళ్లాను కానీ, నిజానికి దానిలో ఏ లోపమూ లేదు. దానికి కావలసిన గాలి నా దగ్గర లేదు, అంతే.

ఆ రోజు ఏమి జరిగిందో లెక్క వేసి చూస్తే సాధనాల ఎంపిక సగం పూర్తయినట్టే. గన్ను ఎంత గాలి తాగుతుందో సి.ఎఫ్.ఎం.లో, అంటే నిమిషానికి ఇన్ని ఘనపుటడుగులు అని చెబుతారు. ఒక ఘనపుటడుగు సుమారు 28 లీటర్లు. పూర్తి సైజు హెచ్.వి.ఎల్.పి. గన్ను 10 సి.ఎఫ్.ఎం., అంటే నిమిషానికి సుమారు 280 లీటర్లు తీసుకుంటుందని అనుకుందాము. ఇంతకంటే ఎక్కువ తీసుకునేవీ ఉన్నాయి. 1 హెచ్.పి. కంప్రెసరు నికరంగా ఇచ్చేది 100 లీటర్ల దగ్గర ఉంటుంది. లోటును ట్యాంకు పూడ్చాలి. మెకానిక్కులు 'కేజీలు' అనే ఒత్తిడి కొలతలో ట్యాంకు 8 కేజీలకు నిండి మోటారు ఆగుతుంది. 6 కేజీలకు దిగాక మళ్లీ తిరుగుతుంది. 3 కేజీల కంటే దిగితే గన్ను పిడి దగ్గర కావలసిన 2 కేజీలు నిలకడగా అందవు. 8 నుంచి 6కు దిగేటప్పుడు 24 లీటర్ల ట్యాంకు ఇచ్చేది సుమారు 48 లీటర్ల గాలి, అది 10 సెకన్లలో అయిపోతుంది. 6 నుంచి 3కు దిగేటప్పుడు మరో 72 లీటర్లు. అప్పటికి మోటారు కూడా తోడు వస్తుంది కాబట్టి ఇంకో 24 సెకన్లు. మొత్తం 34 సెకన్లు. బానెట్టు మీద ఒక్కో వరసకు, చివర మలుపుతో కలిపి, 5 సెకన్లు పడుతుంది. ఆరు వరసలకు 30 సెకన్లు. ఏడో వరసలో గన్ను ఎందుకు దగ్గిందో ఇక వేరే చెప్పనక్కరలేదు.

అదే మోటారుకు 50 లీటర్ల ట్యాంకు ఉంటే ఇదే లెక్కలో సుమారు 70 సెకన్లు దొరుకుతాయి. స్కూటరు సైడు ప్యానెల్ ఒక పూతకు 15 సెకన్లు చాలు కనుక, పూతకూ పూతకూ మధ్య ఆరనిచ్చే పది నిమిషాలలో ట్యాంకు మళ్లీ నిండిపోతుంది. అందువల్ల ఇంటి పనికి కంప్రెసరు కొనేవారు హెచ్.పి. అంకె చూసి మురిసిపోకుండా, ట్యాంకు 50 లీటర్లకు తగ్గకుండా చూసుకోవాలని నా అభిప్రాయం.

డబ్బా మీద వేసే సి.ఎఫ్.ఎం. అంకెను కూడా యథాతథంగా నమ్మకూడదు. చాలాసార్లు అది పిస్టను కదిలే ఘనపరిమాణాన్ని బట్టి వేసినది; బయటికి వచ్చే గాలి అంతకంటే బాగా తక్కువ. దుకాణంలోనే పరీక్షించవచ్చు. ట్యాంకును పూర్తిగా ఖాళీ చేయించి, వాల్వు మూయించి, మోటారు వేయించి, ముల్లు సున్నా నుంచి 6 కేజీలకు చేరడానికి ఎంతసేపు పట్టిందో ఫోనులో చూసుకోండి. 50 లీటర్ల ట్యాంకుకు 6 కేజీలంటే సుమారు 300 లీటర్ల గాలి. మూడు నిమిషాలు పడితే నిమిషానికి 100 లీటర్లు, అంటే 3.5 సి.ఎఫ్.ఎం. అన్నమాట. ఈ పరీక్షకు ఒప్పుకోని దుకాణంలో కొనకపోతే వచ్చే నష్టమేమీ లేదు.

2 హెచ్.పి. తీసుకుంటే ఇబ్బంది గాలితో కాదు, కరెంటుతో. తిరిగేటప్పుడు కంటే మొదలయ్యే క్షణంలో మోటారు కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. దానికి 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు ఉండాలి. సన్నని ఎక్స్‌టెన్షన్ వైరుతో వరండాలోకి లాగితే, వేసవి సాయంత్రాల తక్కువ వోల్టేజీలో మోటారు మూలుగుతుంది కానీ తిరగదు. వైరు పొడిగించే బదులు గాలి గొట్టాన్ని పొడిగించడమే మేలు. గొట్టం లోపలి రంధ్రం 8 మి.మీ. ఉండాలి, 6 మి.మీ. గొట్టంలో ఒత్తిడి దారిలోనే తగ్గిపోతుంది. మోటారు స్విచ్చు నిప్పురవ్వ వేస్తుంది, థిన్నరు ఆవిరి మామూలు గది వేడిలోనే అంటుకుంటుంది. కాబట్టి పొడవు గొట్టంతో కంప్రెసరును రంగు చల్లే చోటికి దూరంగా ఉంచడం సౌకర్యం కోసం మాత్రమే కాదని గమనించండి.

ఇప్పుడు గన్ను. హెచ్.వి.ఎల్.పి. అంటే ఎక్కువ గాలి, తక్కువ ఒత్తిడి అని అర్థం. ముందుండే ఎయిర్ క్యాప్ దగ్గర ఒత్తిడి 10 పి.ఎస్.ఐ., అంటే సుమారు 0.7 కేజీలు, మించదు. రంగు వేగంగా కొట్టుకుని వెనక్కి చిమ్మదు కాబట్టి పోసిన దానిలో సుమారు 65 శాతం వస్తువుకు అంటుతుంది. పాత పద్ధతి గన్నులలో సగానికి పైగా గాలిలో కలిసిపోతుంది. ఇంటి పెరట్లో, పక్కింటివారు బట్టలు ఆరేసుకునే చోట, ఈ తేడా చిన్నది కాదు. అయితే పూర్తి సైజు హెచ్.వి.ఎల్.పి. ఆకలి పైన చూశాము. దానికి బదులు మినీ గన్ను గాని, తక్కువ గాలితో పనిచేసే ఎల్.వి.ఎల్.పి. గన్ను గాని 4 లేదా 5 సి.ఎఫ్.ఎం.తో సరిపెట్టుకుంటుంది. విసనకర్రలా విచ్చుకునే రంగు పట్టా సన్నగా ఉంటుంది, వరసలు ఎక్కువ వేయాలి, కారు పైకప్పు వంటి విశాలమైన చోట తడి అంచు ఆరిపోతుంది. కానీ ఏడాదికి రెండు ప్యానెళ్లు వేసేవారికి పైకప్పుతో పని ఏమిటి? ఆ పని వచ్చిన రోజు పెద్ద కంప్రెసరును అద్దెకు తెచ్చుకోవచ్చు.

రంగు పోసే కప్పు పైభాగాన ఉండే గన్నునే తీసుకోండి. కింద కప్పు ఉండే రకం రంగును పైకి పీల్చుకోవాలి కనుక ఎక్కువ ఒత్తిడి అడుగుతుంది. పైగా అడుగున కొంత రంగు అందకుండా మిగిలిపోతుంది. లీటర్ల కొద్దీ కలిపే షెడ్డులో అది లెక్కలోకి రాదు, 150 మి.లీ. కలిపే మనకు వస్తుంది. నాజిల్ విషయంలో రంగుకు 1.2 లేదా 1.3 మి.మీ., రంగు మీద మెరుపు కోసం వేసే పారదర్శక పూతకు, అంటే క్లియరుకు, 1.3 లేదా 1.4, రంగుకు ముందు అడుగున వేసే చిక్కని సర్ఫేసరుకు 1.6 నుంచి 1.8 మి.మీ. ఉండాలి. మినీ గన్నుల నాజిల్ 0.8 నుంచి మొదలవుతుంది. వాటిలో సర్ఫేసరు పోస్తే మూసుకుపోతుంది. అందుకని సర్ఫేసరుకు ఒక చవక గన్నును, రంగుకు మంచి గన్నును విడిగా ఉంచుకోవడమే నా అలవాటు.

కొనేటప్పుడు నాజిల్ విప్పించి, లోపలి సూది (నీడిల్) మొనను వెలుతురులో తిప్పి చూడండి. మొన ఏమాత్రం వంగినా పట్టా ఒక పక్కకు లాగుతుంది. నాజిల్ సెట్టు, ప్యాకింగులు విడిగా దొరుకుతాయా అని అడగండి. దొరకవంటే, గన్ను ఎంత మెరుస్తున్నా వదిలేయండి.

స్ప్రే డబ్బాలను నేను చిన్నచూపు చూడను. అద్దం తొడుగు, మడ్‌గార్డు, హెల్మెట్టు పరిమాణానికి మించనిది ఏదైనా డబ్బాతో చక్కగా వస్తుంది. బైకు ట్యాంకు మాత్రం వద్దు. రంగును గట్టిపరిచే హార్డెనరు లేని డబ్బా రంగు మీద పెట్రోలు ఒలికితే అది మెత్తబడి, తుడిస్తే గుడ్డకు అంటుకుని వస్తుంది. గోడలకు వేయడానికి అమ్మే కరెంటు గన్నులు కూడా బండికి పనికిరావు. వాటి తుంపర ముతక.

హార్డెనరు కలిపే రెండు భాగాల పి.యు. (పాలీయురేథేన్) రంగుల దగ్గర కాస్త ఆగాలి. ఆ హార్డెనరులో ఐసోసైనేట్లు ఉంటాయి. అవి ఊపిరితిత్తులకు ఒకసారి పడకుండా పోతే, ఆ తరువాత అతి కొద్ది మోతాదు కూడా ఉబ్బసం తెప్పించగలదు. వాసన వస్తేనే ప్రమాదమనుకోవడం కూడా పొరపాటు, ప్రమాదకరమైన మోతాదులో అవి ముక్కుకు తెలియకపోవచ్చు. బయటి నుంచి గొట్టంతో మంచి గాలి అందించే మాస్కు వీటికి తగినది. అది ఇంట్లో ఎవరికి ఉంటుంది? అందుచేత ఇంట్లో ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) రంగులకో, హార్డెనరు లేని యాక్రిలిక్ రంగులకో పరిమితం కమ్మని, బైకు ట్యాంకుకూ క్లియరుకూ షెడ్డుకు వెళ్లమని చెబుతాను. ఆ మామూలు రంగులకైనా మూతికి కట్టిన చేతిరుమాలు చాలదు. బొగ్గు కార్ట్రిడ్జి, ముందు దుమ్ము వడపోత ఉన్న రబ్బరు మాస్కు కొనండి. బయట వదిలేస్తే బొగ్గు గాలిలోని ఆవిరిని పీల్చుతూనే ఉంటుంది కనుక పని కాగానే మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టండి.

చివరి కొనుగోలు నీటిని ఆపే ఫిల్టరు. దీనిని కంప్రెసరు మూతి దగ్గర బిగిస్తే, వేడి గాలిలోని ఆవిరి దానిని దాటిపోయి, గొట్టంలో చల్లబడ్డాక నీరవుతుంది. గొట్టం రెండో కొసన, గన్నుకు దగ్గరగా బిగించండి. శ్రావణంలో రంగు వేస్తూ ఈ సంగతి పట్టించుకోక, ఎర్ర రంగు మధ్యలో ఆవగింజంత నీటి బొట్టు పడి, మొత్తం ప్యానెల్ మళ్లీ రుద్దుకున్నాను. ట్యాంకు అడుగు వాల్వు తిప్పి నీరు వదలడం ప్రతి పనికీ ముందు చేయాలి. తుప్పు రంగు నీళ్లు గ్లాసెడు వచ్చినా ఆశ్చర్యపోవద్దు.

వచ్చే పాఠానికి ముందు రంగు జోలికి పోకండి. కప్పులో మంచినీళ్లు పోసి, పాత అట్టపెట్టెను గోడకు నిలబెట్టి, జానెడు దూరం నుంచి ఒక్క క్షణం ట్రిగ్గరు నొక్కండి. తడి మచ్చ నిలువుగా, సమంగా, రెండు కొసలా సన్నగా రావాలి. ఒక పక్క బరువుగా వస్తే ఎయిర్ క్యాప్‌ను సగం చుట్టు తిప్పి మళ్లీ కొట్టండి: బరువు కూడా పక్క మారితే దోషం క్యాప్‌ది, మారకపోతే నాజిల్‌ది లేదా నీడిల్‌ది. పని కాగానే నీళ్లు పారబోసి, కప్పులో కొంచెం థిన్నరు పోసి గన్నుతో చల్లి, గన్నును పూర్తిగా ఆరబెట్టి ఉంచండి. ఆ అట్ట ముక్కను కూడా దాచండి, థిన్నరు పాళ్లు చూసేటప్పుడు దానితోనే మొదలుపెడదాము.