స్నోషూయింగ్ ఎలా మొదలుపెట్టాలి: సియాటెల్ చుట్టుపక్కల ఉండేవాళ్ళ కోసం

సియాటెల్ వచ్చాక మొదటి రెండు చలికాలాలు ఇంట్లోనే గడిపేశాను, బయట ఎప్పుడు చూసినా ముసురు, డిసెంబర్‌లో అయితే నాలుగున్నర కాకముందే చీకటి. మూడో ఏడు ఫ్రెండ్స్ పట్టుబట్టి స్నోక్వాల్మీ పాస్ దగ్గర గోల్డ్ క్రీక్ పాండ్‌కి తీసుకెళ్ళారు, స్నోషూస్ (మంచులో నడవడానికి బూట్ల కింద కట్టుకునే వెడల్పాటి చట్రాలు) అద్దెకి తీసుకున్నాం. కింద సిటీలో వాన, గంట డ్రైవ్ చేసి పైకెళ్తే చెట్లన్నీ తెల్లగా, మా అడుగుల చప్పుడు తప్ప ఇంకేం వినపడట్లేదు. ఆ రోజు నుంచి నవంబర్ ఎప్పుడొస్తుందా అని చూస్తుంటాను నేను.

స్కీయింగ్‌లాగా నేర్చుకోవాల్సింది పెద్దగా ఏం లేదు, నడక వస్తే చాలు. మామూలు బూట్లతో మెత్తటి మంచులో మోకాళ్ళ దాకా దిగబడిపోతాం, స్నోషూ వెడల్పుగా ఉంటుంది కాబట్టి బరువంతా పరుచుకుని పైపైనే నడుస్తాం, అంతే సంగతి. సైజులు 22, 25, 30 అంగుళాల్లో దొరుకుతాయి. షాపులో మీ బరువు అడిగితే బ్యాగ్ బరువు కూడా కలిపి చెప్పండి. మన దగ్గర కాస్కేడ్స్ కొండల్లో మంచు తడిగా బరువుగా ఉంటుంది, కాస్కేడ్ కాంక్రీట్ అంటారు ఇక్కడివాళ్ళు, అందుకని మరీ పొడుగువి అక్కర్లేదు. మొదటిసారే కొనేయకండి, అద్దెకి తీసుకుని రెండు మూడు సార్లు వెళ్ళాక చూడొచ్చు. పోల్స్ (ఊతానికి చేతికర్రలు) మాత్రం తప్పకుండా తీసుకోండి, మంచులో దిగబడకుండా చివర వెడల్పు బాస్కెట్ అనే బిళ్ళ ఉన్నవి.

ఇప్పుడు అసలు విషయం, బట్టలు. చలికి భయపడి మనం చేసే తప్పు ఏంటంటే ఉన్నవన్నీ ఒకేసారి వేసేసుకుంటాం. నేనూ అలాగే లావు జాకెట్ వేసుకుని గబగబా ఎక్కేశాను, లోపల చొక్కా చెమటతో తడిసిపోయింది, తిందామని ఆగిన పది నిమిషాల్లో పళ్ళు టకటకలాడాయి, ఎంతసేపటికీ వణుకు తగ్గలేదు. ఈ కొండల్లో చలి కంటే చెమటతోనే జాగ్రత్తగా ఉండాలి. కార్ దిగినప్పుడు కొంచెం చలేస్తున్నట్టుంటేనే కరెక్ట్‌గా వేసుకున్నట్టు. ఒంటికి ఆనుకుని మెరీనో ఉన్ని గానీ పాలిస్టర్ గానీ, దానిమీద ఫ్లీస్, పైన నీళ్ళు దిగని పల్చటి జాకెట్ (షెల్), వేడి అనిపించగానే ఒకటి తీసేయడం, ఆగగానే మళ్ళీ వేసేసుకోవడం. జీన్స్, కాటన్ సాక్స్ అస్సలు వద్దు, తడిస్తే ఆరవు. వాటర్‌ప్రూఫ్ బూట్లు, మంచు లోపలికి పోకుండా బూటు మీంచి కాలికి తొడుక్కునే గెయిటర్స్, ఎండ ఉంటే కళ్ళద్దాలు, సన్‌స్క్రీన్.

నడిచేటప్పుడు కాళ్ళు కాస్త ఎడంగా వేయండి, లేకపోతే ఒక స్నోషూ మీద ఇంకోటి తొక్కి పడతారు. ఎక్కేటప్పుడు స్నోషూ అడుగున ముందుండే ఇనప పళ్ళు మంచులో దిగేలా మునివేళ్ళ మీద బరువు, దిగేటప్పుడు మోకాళ్ళు కొంచెం వంచి మడమల మీద బరువు. వెనక్కి మాత్రం నడవకండి, స్నోషూ వెనక కొస మంచులో గుచ్చుకుని పడిపోతారు, చిన్న గుండ్రంలా తిరగండి. స్కీ వాళ్ళు వేసుకున్న గాడి మీద నడవకుండా పక్కనే మీ దారి వేసుకోండి. చెట్టు మొదట్లోకి పోవద్దు, కొమ్మల కింద మంచు గుల్లగా ఉంటుంది, దిగబడితే బయటికి రావడం కష్టం.

ఇంకొకటి, దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. వెళ్ళేరోజు పొద్దున నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ ఫోర్‌కాస్ట్ చూడండి, కొండ మీంచి మంచు ఒక్కసారిగా జారిపడే (అవలాంచ్) ప్రమాదం ఎంతుందో 1 నుంచి 5 దాకా అంకెల్లో చెప్తారు, 5 అంటే అన్నిటికన్నా ఎక్కువ. 3 అంటే మధ్యలోనే ఉందిగా అనుకోకండి, 3 అన్న రోజుల్లో కూడా చాలామంది చనిపోయారు. మంచు ఎక్కువగా జారేది 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లో, మనం చదునుగా ఉన్నచోట నడుస్తున్నా పైన అలాంటి వాలు ఉంటే అది మనమీదికే వస్తుంది. గోల్డ్ క్రీక్‌లో చెరువు చుట్టూ తిరిగి వచ్చేయండి, లోయ లోపలికి పోవద్దు. బయల్దేరేముందు స్నో పార్క్ (చలికాలంలో మంచు తీసి ఉంచే పార్కింగ్ స్థలం) పర్మిట్ కావాలా, దారి తెరిచి ఉందా చూసుకోండి. ఫోన్ సిగ్నల్ ఉండదనే అనుకుని మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకుని, ఎప్పటికి వస్తారో ఇంట్లో చెప్పి వెళ్ళండి, హెడ్‌ల్యాంప్ మర్చిపోవద్దు.

తిండికి మాకు పులిహోర, సున్నుండలు, ఫ్లాస్కులో అల్లం టీ. నీళ్ళ సీసా తలకిందులుగా పెట్టుకోండి, గడ్డకట్టడం పైనుంచి మొదలవుతుంది కాబట్టి మూత దగ్గర నీళ్ళు కదులుతూ ఉంటాయి.

రెండు మూడు సార్లు అలవాటయ్యాక మౌంట్ రెయినియర్ నేషనల్ పార్క్‌లో పారడైజ్‌ అనే చోటికి వెళ్ళండి, 5,400 అడుగుల ఎత్తు, ఏడాదికి సగటున 640 అంగుళాల దాకా మంచు పడుతుంది, 1971-72 సీజన్‌లో అయితే 1,122 అంగుళాలు. రాత్రి ఉండాలంటే కింద లాంగ్‌మైర్‌లో నేషనల్ పార్క్ ఇన్ అనే హోటల్ చలికాలంలోనూ తెరిచే ఉంటుంది, పైన పారడైజ్ ఇన్ మూసేస్తారు. ఆ పార్క్‌లో నవంబర్ 1 నుంచి మే 1 దాకా ఫోర్ వీల్ డ్రైవ్ అయినా సరే కార్లో టైర్ చెయిన్లు ఉండాల్సిందే, వాటిని ఇంటిముందే ఒకసారి బిగించి చూసుకోండి, మంచు గాలిలో చేతులు బిగుసుకుపోయినప్పుడు నేర్చుకోవడం చాలా కష్టం. కార్లో ఒక జత పొడి సాక్స్, మామూలు చెప్పులు ఉంచుకోండి, తిరిగొచ్చాక తడి బూట్లు విప్పి అవి వేసుకుని మిగిలిన టీ తాగాక బయల్దేరండి.