ఫోన్ హోల్డ్ సంగీతం - 4వ పాఠం: కృతి పాతదే, రికార్డింగ్ కాదు

పోయిన పాఠం తర్వాత వచ్చిన మెసేజ్‌లు చదివి తల పట్టుకున్నాను. డెంటల్ క్లినిక్ నడిపే ఒకాయన పేరున్న విద్వాంసురాలి సీడీలోంచి ఒక కృతి తీసి రిసెప్షన్ ఫోన్‌కి పెట్టేశారు. ఇదేమిటండీ అని అడిగితే, "త్యాగరాజ కృతులకు కాపీరైట్ లేదని మీరే రాశారు కదండీ" అన్నారు. రాశాను. రాసి అక్కడితో ఆపేశాను, సగం తప్పు నాదే. ఈసారి చెబుతానన్న కాల్ క్యూ (ఫోన్ చేసినవాళ్లను వరుసలో ఉంచే ఏర్పాటు) సెట్టింగులు వచ్చే పాఠానికి. ముందు ఈ ముడి విప్పుదాం.

త్యాగరాజు 1847లో కాలం చేశారు. ఆయన కృతిని మీరు పాడుకోవచ్చు, ఎవరిచేతనైనా పాడించుకోవచ్చు. కానీ స్టూడియో ఖర్చు పెట్టి దాన్ని రికార్డు చేయించిన కంపెనీకి ఆ రికార్డింగ్ మీద విడిగా హక్కు ఉంటుంది. మన చట్టంలో అది విడుదలైన మరుసటి ఏడాది మొదలు నుంచి 60 ఏళ్లు. 1998లో వచ్చిన క్యాసెట్ అయితే 2058 చివరి దాకా అన్నమాట.

"అయితే 1962 నాటి సినిమా పాట పెట్టుకోవచ్చుగా?" అని ఇంకొకరు. రికార్డింగ్ గడువు 2022తో తీరింది, నిజమే. కానీ బాణీకి లెక్క వేరు: కట్టినవారు పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. ఘంటసాల 1974లో పోయారు. ఆయన కట్టిన బాణీలకు 2034 చివరి దాకా హక్కు ఉంటుంది. పాట రాసినవారి లెక్క మళ్లీ విడిగా చూడాలి. అనుమతికి డబ్బు కట్టేటప్పుడూ ఇదే తంతు, వసూలు చేసే సంస్థలు వేర్వేరు. ఐపీఆర్‌ఎస్ చూసేది సాహిత్యం, సంగీతం. పీపీఎల్ చూసేది రికార్డింగులు. ఒకరిచ్చిన రసీదు రెండోవారి దగ్గర చెల్లదు.

నెలనెలా డబ్బు కట్టే మ్యూజిక్ యాప్ మీ చెవుల కోసం, మీ కస్టమర్ల కోసం కాదు. దాని గురించి ఇంతకంటే చెప్పను.

నేనైతే ఈ గొడవలేవీ పెట్టుకోను. మా వీధి చివర వేణువు నేర్పే మాస్టారిచేత పాత కృతి ఒకటి నాలుగు నిమిషాలు వాయించుకుని, డబ్బిచ్చి, అనుమతి కాగితం మీద సంతకం పెట్టించుకుంటాను. ఆ కాగితం మీద ఎన్నేళ్లకు, ఏ దేశాల్లో అన్నది తప్పక రాయండి. రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లకు, ఇండియా వరకే ఇచ్చినట్టు లెక్కేస్తుంది.

వేణువే ఎందుకంటే, మామూలు ఫోన్ లైన్ సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే మోస్తుంది. వేణువు స్వరాలు అందులో ఇముడుతాయి. మృదంగం ఎడమ వైపు గుమ్మనే నాదం అందులో సన్నబడిపోయి, డబ్బా మీద కొట్టినట్టు వినిపిస్తుంది. ఫైల్‌ని 8 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో (ఒకే ఛానల్) వేవ్ (.wav) ఫైల్‌గా మార్చి ఫోన్ సిస్టమ్‌లోకి ఎక్కించండి.

అభ్యాసం: మీకు నచ్చిన ఐదు ట్రాకులు తీసుకోండి. ఒక్కోదానికి బాణీ ఎవరిది, సాహిత్యం ఎవరిది, వాళ్లు ఎప్పుడు పోయారు (ఉంటే ఉన్నారని), రికార్డింగ్ ఏ ఏడాది వచ్చింది, అనుమతి కాగితం ఎక్కడుందో ఒక పట్టికలో రాయండి. ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఆ ట్రాక్ కొట్టేయండి. మిగిలినదాన్ని సిస్టమ్‌లో పెట్టి, పక్కింటివాళ్ల ఫోన్ నుంచి మీ ఆఫీసుకు చేసి, హోల్డ్‌లో నాలుగు నిమిషాలు ఉండండి. స్పీకర్‌లో కాదు, చెవి దగ్గర పెట్టుకునే.