థైరాయిడ్ ఎక్కువైతే చర్మంలో వచ్చే మార్పులు: ఎలా గుర్తించాలి, ఏం చేయాలి?

మే నెల హైదరాబాద్‌లో ఎవరికైనా చెమటలు పడతాయి, జుట్టు ఊడితే బోరు నీళ్లే కారణమనుకుంటాం. అందుకే థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తున్నా నెలల తరబడి అనుమానం రాదు.

ముందు చేతులు చూసుకోండి. ఏసీలో కూర్చున్నా అరచేతులు వెచ్చగా, తడిగా, ఎర్రగా ఉంటున్నాయా? గోరు చివర వేలి నుంచి విడిపోయి కింద మురికి చేరుతోందా, ముఖ్యంగా ఉంగరం వేలికి? ఒళ్లంతా దురద, దద్దుర్లు కూడా రావచ్చు. తర్వాత మోకాలి కింద ముందువైపు చూడండి: గ్రేవ్స్ జబ్బు (మన రోగనిరోధక శక్తే థైరాయిడ్‌ని ఎక్కువగా పనిచేయించే జబ్బు) ఉన్న కొద్దిమందిలో అక్కడి చర్మం బత్తాయి తొక్కలా మందమవుతుంది, నొక్కితే గుంట పడదు. వీటికి తోడు గుండె దడ, చేతుల వణుకు, బాగా తింటున్నా బరువు తగ్గడం ఉంటే ఇక ఆలస్యం చేయొద్దు.

టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4, టీ3 అనే థైరాయిడ్ రక్తపరీక్షలు చేయించుకోండి. ఇక్కడో ముఖ్యమైన సంగతి: జుట్టు కోసం బయోటిన్ (ఒక బి విటమిన్) బిళ్లలు వేసుకుంటుంటే కొన్ని పరీక్షల్లో టీఎస్‌హెచ్ తక్కువగా, టీ4 ఎక్కువగా తప్పుగా చూపిస్తుంది, అంటే లేని జబ్బు ఉన్నట్టు రిపోర్టు వస్తుంది! కనీసం 2 రోజుల ముందు ఆపండి, పెద్ద డోసైతే ఇంకా ఎన్ని రోజులు ఆపాలో డాక్టర్‌ని అడగండి.

రిపోర్టు పట్టుకుని ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టర్) దగ్గరికి వెళ్లండి, నిమ్స్‌లో, ఉస్మానియాలో ఆ విభాగాలున్నాయి. వైద్యం చర్మానికి కాదు, ముందు థైరాయిడ్‌కి. అది అదుపులోకి వస్తే చెమట, వేడి తగ్గుతాయి, జుట్టు, గోళ్లు బాగవడానికి మాత్రం నెలలు పడుతుంది. ఈలోపు గోరువెచ్చని స్నానం, నూలు బట్టలు, మాయిశ్చరైజర్ చాలు. గోళ్లు పొట్టిగా కత్తిరించుకోండి.

కాలి మీది మందం మాత్రం థైరాయిడ్ తగ్గినంత మాత్రాన పోదు. దానికి చర్మ డాక్టర్ రాసే స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్, కొందరికి బిగుతు సాక్స్ అవసరమవుతాయి. మెడికల్ షాపులో అడిగి సొంతంగా రాసుకోవద్దు. సిగరెట్ అలవాటుంటే మానేయండి, అది ఈ మందాన్నీ, గ్రేవ్స్‌తో వచ్చే కళ్ల సమస్యనూ పెంచుతుంది.

థైరాయిడ్‌ని అదుపు చేసే కార్బిమజోల్ బిళ్ల మొదలుపెట్టాక కొద్దిపాటి దురద వస్తే బిళ్ల ఆపేయకుండా డాక్టర్‌కి ఫోన్ చేయండి, చాలాసార్లు అలర్జీ మాత్రతో తగ్గుతుంది. కానీ జ్వరం, గొంతునొప్పి, నోటిపూత వస్తే వేరే సంగతి: తెల్లరక్తకణాలు ప్రమాదకరంగా పడిపోయి ఉండొచ్చు, బిళ్ల ఆపేసి అదే రోజు, అది ఆదివారమైనా సరే, ఆసుపత్రికి వెళ్లి రక్తపరీక్ష చేయించుకోండి.