బ్రాడ్వేలో మ్యూజికల్ చూడాలంటే: ఏ షో ఎంచుకోవాలి, టికెట్ తక్కువలో ఎలా కొనాలి?

అమ్మానాన్న మొదటిసారి న్యూజెర్సీ వచ్చినప్పుడు వాళ్ళకి మ్యూజికల్, అంటే పాటలతో నడిచే నాటకం, చూపించడానికి న్యూయార్క్‌లో పెద్ద థియేటర్లుండే బ్రాడ్వేకి తీసుకెళ్దామని ఫోన్‌లో టికెట్లు వెతికాను. పైన కనబడిన మొదటి సైట్‌లోనే మూడు కొనేశాను. తీరా థియేటర్‌కి వెళ్ళి కౌంటర్లో ఊరికే అడిగితే, మా వరసలోనే ఇంకా సీట్లు ఉన్నాయి, ధర నేను పెట్టినదాంట్లో సగం. నేను కొన్నది టికెట్లు తిరిగి అమ్మే సైట్‌లో అని అప్పుడు తెలిసింది. అంతకంటే బాధ కలిగించింది ఇంకోటి. నాన్న మొదటి అరగంటకే కునుకు తీశారు. పందిట్లో చాప మీద కూర్చుని తెల్లవారేదాకా పద్యనాటకం చూసిన మనిషి ఆయన. నాటకమంటే ఇష్టం లేక కాదు. నేను ఎంచుకున్నది ఆయనకు తగిన షో కాదు.

అందుకే ఇప్పుడు ఎవరు అడిగినా ఇదే వరస చెప్తున్నాను: ముందు షో, తర్వాత టికెట్. చాలామంది తిరగేసి చేస్తారు. ఏది చవగ్గా దొరికితే దానికి వెళ్తారు. సగటు టికెట్ 120 డాలర్లు దాటిన చోట అది సహజమే. కానీ నచ్చని షోకి 40 డాలర్లు పెట్టినా దండగే.

మొదటి పని: "బాగుందా?" అని అడగకండి

షో చూసి వచ్చినవాళ్ళని "బాగుందా" అంటే "సూపర్" అంటారు. దాంతో మీకు ఏమీ తెలియదు. మూడు ప్రశ్నలు అడగండి. ఏ సీన్ గుర్తుండిపోయింది? ఎక్కడ బోర్ కొట్టింది? ఎక్కడ కూర్చున్నారు? మూడోది చిన్న ప్రశ్నలా కనబడుతుంది గానీ, సగం అభిప్రాయాలు సీటుని బట్టే ఉంటాయి. స్తంభం పక్కన కూర్చున్నవాళ్ళకి ఎంత గొప్ప డాన్స్ అయినా అంతంతమాత్రమే.

తర్వాత అది ఏ రకం మ్యూజికల్ అని అడగండి. కొన్నిటిలో మాటలు మాట్లాడతారు, మధ్యలో పాటలొస్తాయి. కొన్నిటిలో మొదటి నుంచి చివరిదాకా పాటే. 'హామిల్టన్' అలాంటిది, పైగా చాలాభాగం ర్యాప్. 2015లో రిచర్డ్ రోడ్జర్స్ థియేటర్లో మొదలై ఇప్పటికీ అక్కడే ఆడుతోంది. అద్భుతమైన షో, కానీ మాట వేగం ఎక్కువ. ఇంగ్లీష్ సినిమాలు అలవాటు లేని పెద్దవాళ్ళని నేరుగా దానికి తీసుకెళ్ళొద్దని నా గట్టి సలహా. 1997 నుంచి ఆడుతున్న 'ది లయన్ కింగ్', 2014లో వచ్చిన 'అల్లాదీన్' లాంటివి వాళ్ళకి నయం. కథ ముందే తెలుసు, కంటికి నిండుగా ఉంటుంది. 1996 నుంచి ఆడుతున్న 'షికాగో' సెట్టింగుల కోసం చూసేది కాదు. డాన్స్, బ్యాండ్, నటులు, అంతే. భారీగా ఉంటుందని ఊహించుకుని వెళ్ళి నిరాశపడినవాళ్ళు నాకు తెలుసు. అదే షోని మళ్ళీ మళ్ళీ చూసినవాళ్ళూ తెలుసు.

పత్రికల రివ్యూలు షో అధికారికంగా మొదలైన రాత్రి వస్తాయి. అంతకుముందు కొన్ని వారాలు ప్రివ్యూలు నడుస్తాయి. అప్పటికి ఇంకా పాటలు మారుస్తూ, సీన్లు కత్తిరిస్తూ ఉంటారు. కాబట్టి ఎవరి అభిప్రాయమైనా వినేటప్పుడు వాళ్ళు ఎప్పుడు చూశారో కూడా కనుక్కోండి. ప్రివ్యూలో బాలేదన్న చోటు ఇప్పుడు అసలు ఉండకపోవచ్చు.

రెండో పని: కథ తెలుసుకుని, పాటలు విని వెళ్ళండి

దీన్ని చాలామంది ఒప్పుకోరు. కథ ముందే తెలిస్తే మజా ఏముంది అంటారు. మన పెద్దవాళ్ళని అడగండి. రాయబారంలో కృష్ణుడు ఏం చెప్తాడో పందిట్లో ఎవరికి తెలియదు? అయినా వెళ్ళేవాళ్ళు, పీసపాటి ఎలా పాడతారో, రఘురామయ్య ఎలా పాడతారో చూడ్డానికి. కథ తెలిసినవాడికి పాట మీద ధ్యాస నిలుస్తుంది. మ్యూజికల్‌కి కూడా ఇదే వర్తిస్తుంది.

ముందు రోజు రాత్రి భోజనాల దగ్గర కథ తెలుగులో చెప్పేయండి. నాలుగైదు ముఖ్యమైన పాటలు కారులో వినిపించండి. దాదాపు పెద్ద షోలన్నిటి పాటలూ స్పాటిఫైలోనో యూట్యూబ్‌లోనో ఉంటాయి. ఇంకొకటి, 'గాలాప్రో' అనే యాప్ ఉంది. చాలా బ్రాడ్వే షోలకి స్టేజీ మీద మాటలు వస్తుంటే అదే సమయానికి ఫోన్‌లో అక్షరాలు చూపిస్తుంది. తెర నల్లగా ఉంటుంది కాబట్టి పక్కవాళ్ళకి ఇబ్బంది లేదు. వినికిడి తగ్గినవాళ్ళకీ, యాస అర్థం కానివాళ్ళకీ ఎంతో ఉపయోగం. ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసి, మీ షో అందులో ఉందో లేదో చూసుకుని వెళ్ళండి.

మూడో పని: టికెట్

ఒక జాగ్రత్త ముందే చెప్తాను. గూగుల్‌లో షో పేరు కొట్టగానే పైన వచ్చే ప్రకటనలు నొక్కకండి. షో సొంత వెబ్‌సైట్‌కి వెళ్ళి అక్కడి లింకు నుంచే కొనండి. ఇంకా మంచిది థియేటర్ బాక్సాఫీసుకి, అంటే అక్కడి టికెట్ కౌంటర్‌కి, వెళ్ళి కొనడం. ఆన్‌లైన్ సర్వీస్ ఛార్జీ తప్పుతుంది. మాన్‌హాటన్‌లో పని చేసేవాళ్ళు లంచ్ టైంలో వెళ్ళి తెచ్చుకోవచ్చు.

తగ్గింపు టికెట్లంటే అందరికీ మొదట తెలిసేది టీకేటీఎస్. టైమ్స్ స్క్వేర్‌లో 47వ వీధి దగ్గర ఎర్ర మెట్లు ఉంటాయి కదా, అందరూ ఎక్కి ఫొటోలు దిగేవి, వాటి కిందే కౌంటర్లు. టీడీఎఫ్ అనే లాభాపేక్ష లేని సంస్థ 1973 నుంచి నడుపుతోంది. ఆ రోజు షోలకి మిగిలిపోయిన సీట్లు 20 నుంచి 50 శాతం తగ్గింపుతో ఇస్తారు, టికెట్‌కి కొంచెం సర్వీస్ ఛార్జీ ఉంటుంది.

నేను ఎం.ఎస్. చదివేటప్పుడు రూమ్మేట్‌తో కలిసి మొదటిసారి అక్కడ లైన్లో నిలబడ్డాను. ఫిబ్రవరి, చేతులు జేబుల్లోంచి తీయలేని చలి. పైన బోర్డు మీద షోల పేర్లు, పక్కన శాతాలు మారుతూ ఉన్నాయి. మేం అనుకున్న షో మా ముందు పదిమంది ఉండగా బోర్డు మీంచి మాయమైపోయింది. ఏం చేయాలో తెలియక మొహాలు చూసుకుంటుంటే, లైన్లో తిరుగుతున్న అక్కడి ఉద్యోగి ఒకాయన వచ్చి "డాన్స్ ఇష్టమా, కథ ఇష్టమా" అని అడిగి రెండు పేర్లు చెప్పాడు. వాటిలో ఒకటి కొన్నాం, చాలా నచ్చింది. అప్పటి నుంచి ఎప్పుడు వెళ్ళినా మూడు పేర్లు వరసగా రాసుకుని వెళ్తాను. మొదటిది లేకపోతే రెండోది, అదీ లేకపోతే మూడోది. ఏ రోజు ఏది ఉందో టీకేటీఎస్ యాప్‌లో కనబడుతుంది, బయల్దేరే ముందే చూడండి. లింకన్ సెంటర్ దగ్గర ఇంకో కౌంటర్ ఉంది, అక్కడ రద్దీ మామూలుగా తక్కువ. ఎప్పుడూ హౌస్‌ఫుల్‌గా ఆడే పెద్ద షోలు మాత్రం ఆ బోర్డు మీద దాదాపుగా కనబడవు. వాటి కోసమే అక్కడికి వెళ్ళి టైం వృథా చేసుకోకండి.

అలాంటివాటికి లాటరీ దారి. 1996లో 'రెంట్' అనే మ్యూజికల్ వాళ్ళు మొదటి రెండు వరసలు 20 డాలర్లకే ఇవ్వడం మొదలుపెట్టారు. డబ్బులేని కుర్రకారు కథ అది, వాళ్ళే చూడలేకపోతే ఎలా అని. జనం రాత్రంతా పేవ్‌మెంట్ మీద పడుకుని లైన్ కట్టడంతో తర్వాత లాటరీ పెట్టారు. ఇప్పుడు చాలా షోలకి లాటరీ ఫోన్‌లోనే. 'హామిల్టన్' లాటరీ టికెట్ 10 డాలర్లు. ఆ నాటకం ఎవరి కథో ఆయన బొమ్మే 10 డాలర్ల నోటు మీద ఉంటుంది, అందుకని ఆ ధర. మిగతావాటికి ఎక్కువగా 30 నుంచి 50 డాలర్ల మధ్య ఉంటుంది. పేరు తగిలితే చెప్పిన గడువులోగా డబ్బు కట్టేయాలి, లేకపోతే ఇంకొకరికి పోతుంది. థియేటర్ దగ్గర ఐడీ చూపించాలి. మామూలుగా ఒకరికి రెండు టికెట్లే. నలుగురు వెళ్ళాలంటే ఇద్దరు వేర్వేరుగా వేయాలి, ఇద్దరికీ తగలడం అదృష్టం. కాబట్టి కుటుంబమంతా వెళ్ళే రోజుకి లాటరీని నమ్ముకోవద్దు. దగ్గర్లో ఉండి, ఒకరో ఇద్దరో ఎప్పుడైనా వెళ్ళగలిగినవాళ్ళకి మాత్రం దీన్ని మించింది లేదు. రోజూ వేయండి.

రష్ టికెట్లు ఇంకో రకం. పొద్దున బాక్సాఫీసు తెరిచేసరికి వెళ్ళి నిలబడితే కొన్ని సీట్లు తక్కువ ధరకి ఇస్తారు. మామూలు రోజుల్లో పదింటికి, ఆదివారం పన్నెండింటికి తెరుస్తారు. కొన్ని షోలు రష్ టికెట్లని టుడేటిక్స్ యాప్‌లో పెడతాయి. యూనివర్సిటీలో ఉన్నవాళ్ళు స్టూడెంట్ ఐడీ జేబులో పెట్టుకోండి, స్టూడెంట్ రష్ వేరే ఉంటుంది. ఫుల్‌టైం విద్యార్థులు, టీచర్లు, రిటైరైనవాళ్ళు టీడీఎఫ్‌లో ఏడాదికి కొంత కట్టి సభ్యులు కావచ్చు. ఏడాదిలో మూడు నాలుగు షోలు చూసేవాళ్ళకి కట్టిన డబ్బు తిరిగొచ్చేస్తుంది. హౌస్‌ఫుల్ అయిన రోజు కొన్ని థియేటర్లు వెనక గోడ దగ్గర నిలబడి చూసే టికెట్లు కూడా అమ్ముతాయి. కాళ్ళలో సత్తువ ఉంటే తీసుకోండి.

ఇవేవీ కుదరనివాళ్ళకి క్యాలెండరే తగ్గింపు. థ్యాంక్స్‌గివింగ్, క్రిస్మస్ సెలవుల్లో ధరలు ఆకాశంలో ఉంటాయి. జనవరి, ఫిబ్రవరి, మళ్ళీ స్కూళ్ళు తెరిచిన సెప్టెంబర్‌లో దిగొస్తాయి. ఆ రెండు కాలాల్లోనే 'బ్రాడ్వే వీక్' పేరుతో ఒక టికెట్ ధరకి రెండు ఇస్తారు. శనివారం రాత్రి కంటే మంగళ, బుధవారాలు నయం. జూన్‌లో బ్రాడ్వే షోలకిచ్చే టోనీ అవార్డులు వస్తాయి. గెలిచిన షో రేటు పెరుగుతుంది. మీకు ఏదైనా కొత్త షో మీద మనసుంటే ఆ లోపే కొనేయండి.

సీటు చూసుకోండి

కింది అంతస్తు సీట్లని ఆర్కెస్ట్రా అంటారు, పైఅంతస్తువి మెజనైన్, కొన్నిటిలో ఆ పైన బాల్కనీ. ఆర్కెస్ట్రా బాగా వెనక కూర్చుంటే పైఅంతస్తు అడ్డొచ్చి సెట్టింగ్ పైభాగం తెగిపోతుంది. డాన్స్ ఎక్కువ ఉన్న షోకి మెజనైన్ ముందు వరసలు నాకు చాలా ఇష్టం, స్టేజీ మొత్తం ముగ్గేసినట్టు కనబడుతుంది. కానీ చాలా థియేటర్లు వందేళ్ళ నాటివి. పైకి లిఫ్ట్ ఉండదు, మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ళు ముందు సీటుకి తగులుతాయి. అమ్మానాన్నలతో వెళ్తుంటే పది డాలర్లు ఎక్కువైనా కిందే కొనండి. 'పార్షియల్ వ్యూ' అని ఉంటే స్టేజీలో ఎటువైపు కనబడదో కౌంటర్లో అడగండి, చెప్తారు.

ఆ రోజు అరగంట ముందే చేరుకోండి. ఎడిసన్ నుంచి రైల్లో పెన్ స్టేషన్ దాకా వచ్చినా, అక్కడి నుంచి పది పన్నెండు వీధులు నడక. ఆలస్యమైతే వాళ్ళు చెప్పేదాకా లోపలికి వదలరు. షో జరుగుతుండగా ఫొటో, వీడియో ఏదీ తీయకూడదు.

చూసి వచ్చాక మీరు చెప్పేది

మీరు ఇతరుల మాట విని వెళ్ళారు, ఇప్పుడు మీ వంతు. ఆ రాత్రే నాలుగు ముక్కలు రాసుకోండి: తేదీ, సీటు, టికెట్‌కి ఎంత, ఎలా దొరికింది. ముఖ్యమైన పాత్ర ఎవరు వేశారో కూడా రాయండి. లోపలికి వెళ్ళేటప్పుడు 'ప్లేబిల్' అనే చిన్న పుస్తకం ఉచితంగా ఇస్తారు. అందులో చిన్న కాగితం ముక్క పెట్టి ఉంటే, ఆ రోజు ఆ పాత్ర వేరేవాళ్ళు వేస్తున్నారని అర్థం. అది చూసి మొహం మాడ్చుకునేవాళ్ళు ఉంటారు. వద్దు. నేను చూసిన మంచి పాటల్లో కొన్ని అలా బదులుగా వచ్చినవాళ్ళు పాడినవే. కానీ మీరు అభిప్రాయం చెప్పేటప్పుడు అది ఎవరి గురించో స్పష్టంగా చెప్పడం న్యాయం.

"బాలేదు", "నాకు నచ్చలేదు" ఒకటి కావు. ఏది ఎందుకో చెప్పండి. కథ చెప్పండి గానీ, స్టేజీ మీద చేసే అద్భుతాన్ని ముందే బయటపెట్టకండి. అడిగితే మాత్రం దాచకండి.

తర్వాతి సెప్టెంబర్‌లో అమ్మానాన్న మళ్ళీ వచ్చారు. ఈసారి ఇదంతా పాటించాను. 'ది లయన్ కింగ్'కి మంగళవారం, బాక్సాఫీసులో, ఆర్కెస్ట్రా పక్క వరసలో నడవా పక్కన మూడు సీట్లు. మొదటి పాట జూలూ భాషలో మొదలవుతుంది. హాల్లో మిగతావాళ్ళకి ఎంత అర్థమైందో అమ్మకీ అంతే అర్థమైంది. ఆ పాటలోనే జంతువులు జనం మధ్యలోంచి స్టేజీ మీదికి నడిచి వెళ్తాయి. ఏనుగు మా పక్కనుంచే, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా వెళ్ళింది. అమ్మ నా మణికట్టు పట్టుకుని పాట అయ్యేదాకా వదల్లేదు.

రైల్లో తిరిగి వస్తూ నాన్న తెనాలిలో ఉన్న ఆయన స్నేహితుడికి ఫోన్ చేశారు. ఇద్దరూ కలిసి సురభి నాటకాలు చూసినవాళ్ళు. "ఏనుగు కాళ్ళల్లో నలుగురు మనుషులు నడుస్తున్నార్రా. సురభివాళ్ళు తీగ కనబడకుండా దాస్తారు కదా, వీళ్ళు దాచరు. మనిషి మనకి కనబడుతూనే ఉంటాడు. అయినా ఏనుగే నడిచినట్టుంది. నువ్వొస్తే మాత్రం నడవా పక్కన సీటు తీసుకో."