కాంపాక్ట్ మెకానికల్ కీబోర్డు పెట్టె విప్పేటప్పుడు చూసుకోవలసినవి

గేమింగ్ కీబోర్డును విశాఖ ద్వారకానగర్‌లోని దుకాణంలో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా, పెట్టె విప్పే పనిని మాత్రం నిదానంగా చేయాలి. ఏదైనా వస్తువు తక్కువైతే గట్టిగా అడగగలిగేది అప్పుడే. కొరియర్‌లో వచ్చిన పెట్టె అయితే చిరునామా చీటీ, సీలు స్పష్టంగా కనిపించేలా మొదలుపెట్టి, కీబోర్డు వెలిగేంతవరకు మధ్యలో ఆపకుండా ఫోనులో వీడియో తీయండి.

మెకానికల్ కీబోర్డులో ప్రతి మీట కింద, నొక్కును పట్టే ఒక స్విచ్ ఉంటుంది. సీలు తీసే ముందు పెట్టె మీది స్టిక్కరులో ఆ స్విచ్ రంగు మీరు అడిగినదేనా అని చూడండి. ఎరుపు స్విచ్ నున్నగా దిగుతుంది, గోధుమరంగుది మధ్యలో చిన్న అడ్డు తగిలినట్టు తెలుస్తుంది, నీలం రంగుది ప్రతి నొక్కుకూ టిక్కుమంటుంది. రాత్రిపూట ఇంట్లోవారు పక్కనే నిద్రపోయే ఇళ్లకు నీలం స్విచ్ తగదని నా అభిప్రాయం.

కీబోర్డు బయటికి తీశాక ఖాళీ పెట్టెను పక్కన పడేయకండి. వైర్‌లెస్ మోడల్ అయితే గోరంత ఉండే యూఎస్‌బీ రిసీవర్ ఫోమ్ గుంటలోనో, కీబోర్డు అడుగున ఉన్న చిన్న అరలోనో దాగి ఉంటుంది. సాధారణంగా టైప్ సి కేబుల్, కీక్యాప్ పుల్లర్ (మీట పైతొడుగును లాగే పనిముట్టు), స్విచ్ పుల్లర్ (స్విచ్‌ను లాగేది), నాలుగైదు అదనపు స్విచ్‌లు, మాన్యువల్ వస్తాయి. పెట్టె మీద రాసిన జాబితాతో వాటిని సరిచూసుకోండి. ప్లాస్టిక్ రింగు పుల్లర్ కీక్యాప్ అంచులను గీకుతుంది కాబట్టి తీగ పుల్లర్ వస్తే అదృష్టమే.

మాన్యువల్‌ను తప్పక చదవాలి. 60 శాతం సైజు కీబోర్డులో, అంటే నంబర్ల గడి, బాణం మీటలు, ఎఫ్ వరుస (ఎఫ్1 నుంచి ఎఫ్12) విడిగా లేని చిన్న కీబోర్డులో, సాధారణంగా 61 మీటలే ఉంటాయి. బాణం గుర్తులు, ఎఫ్ వరుస ఎఫ్ఎన్ మీటతో కలిపి నొక్కితేనే పనిచేస్తాయి. తెలుగులో ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక మీటల అమరిక) పద్ధతిలో టైప్ చేసేవారు ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఒత్వం, అంటే 'కొ'లోని గుర్తు, ఉండేది 1 అంకెకు ఎడమపక్క మీట మీద. చాలా 60 శాతం కీబోర్డుల్లో ఆ చోటును ఎస్కేప్ ఆక్రమిస్తుంది. 'కొబ్బరి' అని రాయాలన్నా ప్రతిసారీ ఎఫ్ఎన్ పట్టుకోవలసి వస్తుంది. ఆటలతోపాటు తెలుగు రాత కూడా ఎక్కువగా ఉన్నవారు ఈ ఇబ్బందిని ముందే తూచుకోవాలి.

తరువాత నోట్‌ప్యాడ్ తెరిచి ప్రతి మీటనూ రెండు మూడుసార్లు నొక్కండి. ఒక్క నొక్కుకు రెండు అక్షరాలు పడినా, అసలు పడకపోయినా ఆ స్విచ్‌లో లోపం ఉన్నట్టే. హాట్ స్వాప్ కీబోర్డు (స్విచ్‌లను చేత్తోనే ఊడదీసి మార్చుకోగలిగేది) అయితే కేబుల్ ఊడదీసి, కీక్యాప్ తీసి, స్విచ్‌ను పక్కలకు వంచకుండా నిటారుగా పైకి లాగండి. అదనపు స్విచ్ పెట్టే ముందు దాని అడుగున ఉన్న రెండు రాగిరంగు పిన్నులను వెలుతురులో చూడండి. ఒకటి వంగి ఉంటే ట్వీజర్‌తో నెమ్మదిగా నిలబెట్టాకే దించాలి, లేకపోతే అది సాకెట్‌లోకి పోకుండా మడతపడిపోతుంది. హాట్ స్వాప్ కాని కీబోర్డులో స్విచ్‌లు బోర్డుకు సోల్డర్ చేసి (లోహంతో అతికించి) ఉంటాయి. వాటిని లాగకుండా కీబోర్డునే వెనక్కి పంపాలి.

విశాఖలో, ముఖ్యంగా బీచ్ రోడ్డు, పెదవాల్తేరు వైపు ఇళ్లలో, ఉప్పుగాలి ఈ పిన్నులకు శత్రువు. మిగిలిన స్విచ్‌లను పెట్టెలో వచ్చిన సిలికా జెల్ పొట్లంతోపాటు జిప్ కవరులో వేసి, గాలి చొరకుండా మూసి ఉంచండి.